రెండో ముక్క సంగతి

ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడి పిల్లలకు నిగ్రహం బొత్తిగా లేదని పెద్దలు తేల్చేశారు. చేతిలో ఛెనాపొడ (పాలవిరుగుడు కాల్చి చేసే మిఠాయి) ముక్క పెట్టి "కాసేపాగరా" అనేలోపే మింగేస్తున్నారట. ఇక గజపతి జిల్లా భవిష్యత్తు ఏం కాను?

శాస్త్రం మొదట్లో పెద్దల పక్షమే నిలబడింది. 1960ల చివర్లో అమెరికాలో, స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో వాల్టర్ మిషెల్ అనే ఆయన పిల్లల ముందు ఓ మిఠాయి పెట్టి, నేనొచ్చేదాకా తినకపోతే రెండిస్తానని చెప్పి బయటికెళ్లాడు. ఆగిన పిల్లలు తర్వాత చదువుల్లో మెరుగ్గా ఉన్నారని 1990లో లెక్క తేలింది. 2018లో 900 మందికి పైగా పిల్లలతో మళ్లీ చూస్తే, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకునేసరికి ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. ఈ రెండో కబురు ఉపన్యాసాల్లో వినపడదు. టైం చాలదు కాబోలు.

అసలు ముచ్చట 2013లో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానిది. 28 మంది చిన్నపిల్లలకు ముందుగా అరిగిపోయిన క్రేయాన్లిచ్చి, ఆగితే మంచివి తెస్తామన్నారు. సగం మందికి తెచ్చారు. మిగతావాళ్లకు వట్టి చేతులు చూపించి "సారీ, లేవు" అన్నారు. ఆ తర్వాత మిఠాయి పరీక్ష పెడితే, మాట దక్కినవాళ్లు సగటున 12 నిమిషాలు ఆగారు, మోసపోయినవాళ్లు 3 నిమిషాలు.

ఇప్పుడు మనవాడిని చూడండి. తెలుగు పుస్తకాలు దసరాకల్లా వస్తాయని బడిలో అన్నారు. ఏ దసరా అన్నది చెప్పలేదు. శ్రీకాకుళం వెళ్లిన మావయ్య బొమ్మ తెస్తానన్నాడు, జ్వరం తెచ్చుకున్నాడు. వాడు ఛెనాపొడ వంక కాదు, ఇచ్చినవాడి మొహం వంక చూస్తాడు. చూసి గుటుక్కున మింగుతాడు.

అన్నీ అబద్ధాలనడమూ తప్పే. 2004లో నౌపడా–గుణుపురం చిన్న రైలుబండి ఆపి, పెద్ద పట్టాలేస్తామన్నారు. 2011లో గుణుపురం దాకా వేశారు కూడా. బండి ఆగినప్పుడు మూడో తరగతిలో ఉన్నవాడు మళ్లీ ఎక్కేసరికి టెన్త్.

నిగ్రహమంటే దెయ్యానిది. తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాస్తే, రోజూ వచ్చి చదువుకుని మర్యాదగా వెనక్కి పోయేదట. పెద్దలు కోరే ఆదర్శ బాలుడు అదే.

అందుకని నాదో ప్రతిపాదన. మన ఊళ్లో ఈ పరీక్ష పెట్టేవాళ్లు రెండో ముక్కను కూడా ముందే బల్ల మీద పెట్టాలి. పెద్దలు ససేమిరా అన్నారు. పిల్లాడు వచ్చేలోపు దాన్ని తమలో ఎవరు తినేస్తారోనని వాళ్లకు టెన్షన్.