సంతకం లేదు కాబట్టి బాధ్యతా లేదట!

హైదరాబాద్‌లో బంధువుల వాట్సాప్ గ్రూపుల్లోనూ అపార్ట్‌మెంట్ సంఘాల గ్రూపుల్లోనూ ఒక సందేశం ఆగకుండా తిరుగుతోంది. బర్మా (మయన్మార్) నుంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చి బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా ముస్లింల గురించి. దాని సారం ఇది: శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు కనుక వాళ్ల పట్ల మనకు ఏ బాధ్యతా లేదు; వాళ్లు అసలు బర్మా వాళ్లే కాదు; లక్షల్లో దిగారు, ఇక్కడ పుట్టిన పిల్లలు రేపు ఓటర్లవుతారు; అక్కడ ఇప్పుడు గొడవలు సద్దుమణిగాయి, పంపేయవచ్చు; అంత జాలి ఉన్నవాళ్లు తమ ఇంట్లో పెట్టుకోవచ్చు. ఇంకో పదిమందికి పంపమని చివర్లో ఒక పురమాయింపు.

సంతకం మాట నిజమే. 1951 ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ భారత్ సంతకం పెట్టలేదు. బంగ్లాదేశ్ కూడా పెట్టలేదు. అయినా 2017 ఆగస్టు 25న బర్మా సైన్యం దాడులు మొదలయ్యాక కొన్ని నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి వస్తే తన కాక్స్‌బజార్ జిల్లాలో చోటిచ్చింది. మన సంగతికొస్తే, 1959లో దలైలామా వెనకాలే టిబెటన్లు వచ్చారు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది వచ్చారు. 1983 తర్వాత శ్రీలంక తమిళులు వచ్చారు. ఆ మూడుసార్లూ సంతకం లేదు, ఆ సాకుతో తలుపు వేసుకోనూ లేదు.

పైగా మనం పెట్టిన సంతకాల గురించి ఆ సందేశం నోరు మెదపదు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది. బాలల హక్కుల ఒడంబడికలో 1992లో చేరింది. చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక మీద 1997లో సంతకం చేసి, ఇప్పటికీ దాన్ని ధ్రువీకరించకుండా పక్కన పెట్టింది. అది వేరే సిగ్గు. వీటన్నిటికంటే ముందు మన రాజ్యాంగం ఉంది. మాట్లాడే, నివసించే స్వేచ్ఛల్లాంటి 19వ అధికరణ హక్కులను పౌరులకే ఇచ్చింది. చట్టం ముందు సమానత్వం, ప్రాణరక్షణ చెప్పే 14, 21 అధికరణల రక్షణను మాత్రం ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ ఇచ్చింది. అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది అదే: పౌరుడైనా కాకపోయినా మనిషి ప్రాణాన్ని కాపాడవలసింది ప్రభుత్వమే.

ఇక్కడ కొందరు 2021 ఏప్రిల్ 8 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వును ముందుకు తోస్తారు. చూద్దాం. జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాలను పంపించకుండా ఆపడానికి కోర్టు ఒప్పుకోలేదు. ఈ దేశంలో నివసించే హక్కు పౌరులదే అంది. అదే ఉత్తర్వులో, 14, 21 అధికరణలు పౌరులు కానివారికీ వర్తిస్తాయని, నిర్ణీత విధానం పాటించకుండా ఎవరినీ పంపరాదని కూడా అంది. నాకైతే ఆ ఉత్తర్వు మింగుడు పడలేదు; ప్రాణం పోయే చోటికి కాగితాలన్నీ సరిచూసి పంపితే పోయే ప్రాణానికి ఒరిగేదేమిటి? కానీ ‘ఏ బాధ్యతా లేదు’ అనే మాట అందులో కూడా దొరకదు.

ఇక ‘వాళ్లు బర్మా వాళ్లే కాదు’ అనేది. ఇది బర్మా సైన్యం మాట, మనవాళ్లు అరువు తెచ్చుకున్నారు. ఫ్రాన్సిస్ బుకానన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు 1799లోనే బర్మా పడమటి తీరంలోని అరకాన్‌లో చిరకాలంగా స్థిరపడిన ముస్లింలు తమను ‘రూయింగా’ అని చెప్పుకుంటారని రాశాడు. అరకాన్ బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది 1826లో. ఆ పాలనలో పొరుగున ఉన్న (ఇప్పుడు బంగ్లాదేశ్‌లోని) చిట్టగాంగ్ నుంచి వలసలు పెరిగిన మాట కాదనలేం. అయితే బర్మా 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచీ ఉన్న జాతులకే పుట్టుకతో సంపూర్ణ పౌరసత్వం అని గీత గీసి, ప్రభుత్వం ఒప్పుకున్న జాతుల జాబితాలో రోహింగ్యాలకు చోటే లేకుండా చేసింది.

ఆ గీతతో కొలిస్తే బర్మాలో ఉండిపోయిన తెలుగువాళ్లు కూడా అవతలి వైపే ఉంటారు. ఈ సందేశాన్ని తెలుగులో పంపుతున్నవాళ్లకు ఇది గుర్తు చేయక తప్పదు. కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ వెళ్లి ఓడల సరుకు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు మన జిల్లాల వాళ్లే. 1931 జనగణన నాటికి రంగూన్‌లో సగానికి మించి భారతీయులు. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె ముగిసే వేళ అల్లర్లు చెలరేగి తెలుగు కూలీలను వీధుల్లో చంపారు. 1942లో జపాన్ దండెత్తినప్పుడు లక్షల మంది భారతీయులు పారిపోయి వచ్చారు. అడవుల గుండా అస్సాం వైపు నడిచినవాళ్లలో వేలకు వేలు దారిలోనే పోయారు. 1962లో సైన్యాధిపతి నే విన్ అధికారం లాక్కుని దుకాణాలను జాతీయం చేశాక సుమారు మూడు లక్షల మంది భారతీయులు కట్టుబట్టలతో వెనక్కి వచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఆ కాందిశీకుల పేరుతోనే ఉంది. అప్పుడు అక్కడి జాతీయవాదులు మనవాళ్లను ఏమన్నారు? బయటివాళ్లు, మన పనులు లాక్కుంటున్నారు, పంపేయండి అన్నారు. తేడా ఒక్కటే. మనవాళ్లకు దిగడానికి ఒక రేవైనా ఉంది. రోహింగ్యాలను తమవాళ్లని ఒప్పుకునే దేశం ఒక్కటీ లేదు.

‘లక్షల్లో దిగారు’ అన్నది మాత్రం ఒక్క ముక్కలో తేలిపోతుంది. 2017లో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పిన అంచనా దేశం మొత్తానికి 40,000. హైదరాబాద్‌లో ఉన్నది కొన్ని వేల మంది, ఎక్కువగా చెత్త ఏరుకునేవాళ్లు, కూలిపని చేసేవాళ్లు. (యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన అరబ్బుల వారసులు బార్కస్‌లో తరతరాలుగా ఉన్న ఊరు ఇది, పరాయి ముఖం కనిపిస్తే ఉలిక్కిపడవలసిన ఊరు కాదు.) ఓటర్ల మాట అంతకంటే డొల్ల. 2004 డిసెంబర్ 3 తర్వాత ఇక్కడ పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒక్కరు అక్రమ వలసదారు అయితే పౌరసత్వం రాదు. పౌరులు కానివారికి ఓటు లేదు. ఎవరైనా దొంగ కార్డు తీసుకుంటే అది నేరం. కేసు పెట్టాలి, ఆ ఒక్కరి మీద. అరకాన్‌లో ‘అర్సా’ అనే రోహింగ్యా సాయుధ ముఠా వాళ్లు 2017లో పదుల సంఖ్యలో హిందువులను చంపిన మాట కూడా నిజమే, దాన్ని ఎవరూ దాచకూడదు. ఆ హంతకుల లెక్కను బాలాపూర్‌లో చిత్తుకాగితాలు ఏరే ఆడమనిషి దగ్గర తేల్చుకుంటామంటే మాత్రం అది న్యాయం కాదు.

అక్కడ సద్దుమణిగిందట! బంగ్లాదేశ్, మయన్మార్ ఒప్పందం చేసుకుని 2018 నవంబర్‌లో ఒకసారి, 2019 ఆగస్టులో మరోసారి బస్సులు సిద్ధం చేస్తే వెళ్తామని ఒక్కరూ ముందుకు రాలేదు. మారణహోమం నుంచి రోహింగ్యాలను కాపాడమని అంతర్జాతీయ న్యాయస్థానం 2020 జనవరి 23న మయన్మార్‌ను ఆదేశించింది. ఆ కేసు వేసింది చిన్న ఆఫ్రికా దేశం గాంబియా. బర్మాతో దానికి సరిహద్దు కూడా లేదు. ఏడాది తిరిగేసరికి, 2021 ఫిబ్రవరి 1న, బర్మాలో సైన్యమే ప్రభుత్వాన్ని కూలదోసింది. 2024లో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చి, పౌరులు కారని తానే తోసేసిన రోహింగ్యా కుర్రాళ్లను పట్టుకెళ్లి అంతర్యుద్ధంలో ముందు వరుసకు తోసింది.

మిగిలింది ‘మీ ఇంట్లో పెట్టుకోండి’ అనే సవాలు. రోడ్లు కావాలన్నవాళ్లను తమ పెరట్లో వేసుకోమని ఎవరూ అనరు. దేశం చేయవలసిన పని దేశం చేస్తుంది, ఖర్చు అందరం పంచుకుంటాం. ఇది మనకు కొత్త కూడా కాదు. 1971 నవంబర్ నుంచి ఏడాదికి పైగా ఈ దేశంలో ఉత్తరం వేసినవాళ్లు మామూలు తపాలా బిళ్ళతో పాటు 5 పైసల శరణార్థి సహాయ బిళ్ళ కూడా అతికించారు. ఈ సందేశాన్ని ముందుకు తోస్తున్న పెద్దల్లో కొందరు ఆ బిళ్ళలు కొన్నవాళ్లే.