మొండికేసిన రీఫ్ తాడు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మొదటి రీఫ్ తాడు గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా తెరచాప అడుగున ఉండే బోలు అడ్డవాసం, అదే బూమ్, లోపల ఎక్కడో క్షేమంగా ఇరుక్కుని ఉంటారని తలుస్తున్నాం.

గాలి పెరిగినప్పుడు పెద్ద తెరచాపను కొంత దించి, మిగిలిన గుడ్డను బూమ్‌కు బిగించి ఉంచడం, అంటే రీఫ్ వేయడం, తమరి ఉద్యోగం. అంతకు మించి వేరే బాధ్యతలేవీ లేవు. రేవులో, జెండా సైతం కదలని ఉదయం లాగి చూస్తే ఎంత మర్యాదగా వస్తారో! అదే గాలి 12 నాట్ల (గంటకు 12 సముద్ర మైళ్ల) నుంచి 24కు చేరిందా, ఎక్కడలేని ఆత్మగౌరవం పుట్టుకొస్తుంది. వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. లాగాల్సిన బరువు పెరిగిన కొద్దీ రాపిడీ పెరుగుతుంది. అంటే తమరి అవసరం, తమరి అలక ఒకే ముహూర్తానికి వస్తాయన్నమాట.

తమరిది సామాన్యమైన వంశం కాదు. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ పంతొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో రాసుకోవడం మొదలుపెట్టిన గాలి మెట్లు ఆ తర్వాత యుద్ధనౌక తెరచాపలతో ముడిపడ్డాయి. ఏ గాలికి ఏ చాప ఎత్తవచ్చు, దానికి ఎన్ని రీఫులు వేయాలి అన్నదే కొలత. పన్నెండో మెట్టంటే ఏ గుడ్డా నిలవలేని గాలి. గాలికే కొలతగా నిలిచిన ఇంట పుట్టి, ఆరో మెట్టు, అంటే ఆ 24 నాట్ల దగ్గరే చతికిలబడితే పెద్దల పరువేం కావాలి?

తప్పంతా తమరిదేనని అనడం లేదు. తమరు నడిచే దారి అలాంటిది. బూమ్‌కు కట్టిన ముడి దగ్గర బయలుదేరి, తెరచాప వెనక అంచున ఉన్న కంటిలో దూరి, కిందికి దిగి, బూమ్ చివరి కప్పీ చుట్టూ తిరిగి, ఆ గొట్టంలోంచి తెరచాప స్తంభం దాకా వచ్చి, అక్కడి నుంచి డెక్కు మీద ఇంకో రెండు కప్పీలు దాటి, చివరికి తాడును జారకుండా పట్టి ఉంచే క్లచ్‌లోకి చేరాలి. అచ్చం ఆఫీసులో ఫైలు నడక. ప్రతి బల్ల దగ్గరా ఎవరో ఒకరు తమ వాటా ఉంచుకుంటారు, ఇక్కడ ఆ వాటా పేరు రాపిడి. దీనికి విరుగుడుగా ఏకగవాక్ష విధానం కూడా వచ్చింది. ముందు మూలనూ వెనక మూలనూ ఒకే తాడుతో దించేస్తారట! చుక్కాని ఉండే కాక్‌పిట్ నుంచి లేవనక్కరలేదన్న మాట నిజమే. బల్లలు మాత్రం ఇంకా పెరిగాయి.

ఉప్పు పట్టి తిరగడం మానేసిన కప్పీ గురించి ఏమీ రాయను, దానికి మంచినీళ్లు చాలు. అసలు ఫిర్యాదు చాపను ఇంకాస్త దించే రెండో రీఫ్ తాడుతో తమరి సాన్నిహిత్యం గురించి. బూమ్ గొట్టంలో ఎవరూ చూడరని ఇద్దరూ పెనవేసుకుంటే ఎలా? చాప దించి ఉన్నప్పుడు తమరిని చేత్తో అటూ ఇటూ లాగితే పక్క తాడు కూడా కదిలిందంటే విషయం బయటపడినట్టే. కొందరు దీన్ని కూడా చూడరు. తాడు స్తంభం దగ్గర బూమ్‌లోంచి బయటికి వచ్చే చోట పట్టుకొని లాగితే సగం చిక్కు తేలిపోతుంది. అక్కడ తేలిగ్గా వస్తే దోషం డెక్కు వైపు, రాకపోతే బూమ్ వైపు. కప్పీ చక్రం మీంచి జారి, దాని పక్క సందులో నక్కి కూర్చోవడం తమరికి మరీ ఇష్టమైన విడిది. అవసరానికి మించి లావు తాడు వేసి, అదే బలమనుకునే యజమానులు పక్కలు ఒరుసుకుపోయే ఏర్పాటు వాళ్లే చేసి పెడతారు.

ఇక మా మనుషుల సంగతి. తమరు కదలకపోతే తాడో పేడో తేల్చుకుందామని తాళ్లు లాగే వించ్ యంత్రం పిడి అందుకుంటారు. వించ్‌కు బలముంది గాని కళ్లు లేవు. చాపను పైకెత్తే తాడు హాల్యార్డ్‌ను గుర్తు దాకా వదలలేదు, బూమ్‌ను అదుపు చేసే తాడు మెయిన్‌షీట్ బిగించే ఉంది, వాంగ్ అనే బిగింపు బూమ్‌ను కిందికి గుంజుతూనే ఉంది. వెనక కన్ను బూమ్ దాకా ఎలా దిగుతుంది? చాపను పైకి పట్టుకున్నదీ మేమే, కిందికి రాలేదని తిట్టేదీ మేమే. అలాంటప్పుడు ఇంకో రెండు చుట్లు తిప్పితే చాప చిరుగుతుంది, లేదా సందులో నక్కిన తమరు ఇంకా లోతుకు దిగబడతారు. ఒక అడుగు వెనక్కి వదిలి, తలెత్తి చూసేవారిని మాత్రం పడవలో పిరికివాళ్లంటారు.

కాబట్టి విన్నపం. వచ్చే వారం తమరి పై తొడుగు ఒరిసిపోయిన చోటును కోసి, తమరిని తలకిందులుగా మార్చి వేస్తాం. బూమ్ చివరి మూత విప్పి రెండు తాళ్లనూ విడివిడిగా నడిపిస్తాం. అభ్యంతరాలుంటే ఆలోగా, గాలి లేని రోజు చూసి తెలియజేయగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
చుక్కాని దగ్గర నిలబడి అరుస్తున్న వ్యక్తి

నకలు: రెండో రీఫ్ తాడు గారికి, సమాచారం మరియు తగు చర్య నిమిత్తం. వారు ప్రస్తుతం తమరికే చుట్టుకొని ఉన్నందున అందజేసే బాధ్యత తమరిదే.