గ్రూప్ ఫోటోకు నూట ఎనభై అడుగులు

నా కెమెరా లెన్సు రిపేరు చేయించాలా, ఇంకోటి కొనాలా అని నాకు ఇప్పటికి పదకొండు మంది సలహా ఇచ్చారు. నేను అడిగింది ఇద్దరినే. మిగతా తొమ్మిది మందికి విషయం చేరవేసింది మా బామ్మర్ది. అసలు ఈ గొడవలో సగం పాపం వాడిదే, ఆ సంగతికి తర్వాత వస్తాను.

పోయిన ఆదివారం సాగర్ గేట్లెత్తారంటే కెమెరా మెడలో వేసుకుని పోయాను. 26 గేట్లలో ఎన్ని ఎత్తారో లెక్కపెట్టనియ్యలేదు జనం. ఫోటోలు బాగానే వచ్చాయి. తిరిగొచ్చి నల్లగొండ బస్టాండులో దిగేటప్పుడు పైన పెట్టిన బ్యాగు లాగితే జారి కింద పడింది. లోపల మెత్త ఉంది కదా, ఏం కాదులే అనుకున్నాను. ఇంటికి వచ్చి బ్యాగు మూలకు పెట్టాను, తెరిచి చూసింది లేదు.

గురువారం మా అక్క కూతురి శారీ ఫంక్షన్, తిప్పర్తి దగ్గర ఊళ్ళో. ఫ్లెక్సీ మీద మాత్రం ‘నూతన వస్త్రాలంకరణ మహోత్సవం’ అని ఉంది. బయానా ఇచ్చి మాట్లాడుకున్న ఫోటోగ్రాఫర్‌కు అదే రోజు మిర్యాలగూడలో ఇంకో ఫంక్షన్ తగిలింది. పొద్దున తొమ్మిది నుంచి ‘దారిలో ఉన్నన్నా’ అంటున్నాడు. ఆ దారి ఎంత పొడుగో మరి, పన్నెండైనా తెగలేదు.

“తమ్మీ, మెడల అది ఉట్టిగనే ఏలాడుతుంది గదా, జర నువ్వే దియ్యరాదు?” అంది అక్క.

సంతోషంగా లేచాను. అది కూడా ఒప్పుకోవాలి. నలుగురిలో పెద్ద లెన్సు తిప్పే అవకాశం వస్తే ఎవరు కాదంటారు? జూమ్ రింగు తిప్పాను. అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు కర్రుమంది. లెన్సు మూతి మొత్తం ముందుకు సాగి 250 దగ్గర, అంటే జూమ్ చివరన, ఆగింది. వెనక్కి తిప్పితే రాలేదు. మెల్లగా తిప్పాను, గట్టిగా తిప్పాను, పక్కకు పోయి రెండు మోకాళ్ళ మధ్య పెట్టి కూడా తిప్పాను. ఉహూ. ఫోకస్ పనిచేస్తోంది, క్లిక్ పడుతోంది, కానీ 250 తప్ప ఇంకేమీ ఇవ్వనంటోంది.

దీనికి తోడు ఉండాల్సిన, దగ్గర నుంచే అందరినీ పట్టే చిన్న లెన్సు, 18–55, ‘రెండు రోజుల్ల ఇస్త బావా’ అని బామ్మర్ది పట్టుకుపోయి ఏడాది దాటింది. అదే బామ్మర్ది కొత్త చొక్కా వేసుకుని టెంటు కింద కూర్చుని థమ్సప్ తాగుతున్నాడు. లెన్సు ఏదిరా అంటే ‘ఇంట్ల ఉంది బావా, సేఫ్’ అన్నాడు. సేఫేనట.

జేబులోంచి ఫోన్ తీశాను. అక్క ఒక చూపు చూసింది. “ఫోన్ల మేము దిగలేమా? దానికి నువ్వెందుకు?” అంది. ఫోన్ మళ్ళీ జేబులోకి పోయింది.

కెమెరాలతో పని లేనివాళ్ళకు 250 ఎంఎం అంటే ఏమిటో చెప్పాలి. పది అడుగుల దూరం నుంచి తీస్తే ఫోటోలో పట్టేది పదకొండు అంగుళాల వెడల్పు. అంటే ఒక్క ముఖం, అదీ చెవులు దగ్గరికి పెట్టుకుంటే. టెంటు కింద పావుగంటలో నేను సాధించినవి: మా పెద్దమ్మ ముక్కుపుడక, మా బావ మీసంలో ఎడమ సగం, మేనకోడలి నెత్తిమీద పడబోతున్న మూడు అక్షింతలు, ఎవరిదో తెలియని మోచెయ్యి. వెనకటికి గుడ్డివాళ్ళు ఏనుగును చూసినట్టు ఫంక్షన్ మొత్తం ముక్కలు ముక్కలుగా నా కార్డులో చేరింది.

ఇంతలో బావ వచ్చి “ఇగ అందరం ఒక్కసారి దిగుతం, ముసలోళ్ళు అలసిపోతున్నరు” అని పద్నాలుగు మందిని వాకిట్లో వరుసగా నిలబెట్టాడు. సందులు పోను కొస నుంచి కొసకు పదహారడుగులు.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. నా కెమెరాలో సెన్సర్ వెడల్పు 22 మిల్లీమీటర్లు. లెన్సు 250. భాగిస్తే పదకొండు పైచిలుకు. ఎంత వెడల్పు కావాలో దానికి పదకొండు రెట్లు వెనక్కి పోవాలన్నమాట. పదహారడుగుల చుట్టాలకు నూట ఎనభై అడుగులు. ఆ రోజు నాకు ఈ లెక్క తెలియదు. కంటికి ఆనించుకుని ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ పోయాను. టెంటు దాటాను. చెప్పుల గుట్ట దాటాను. ‘యాడికి పోతున్నడు ఈయన?’ అని వంటాయన గంటె పట్టుకుని చూస్తుండగా బగారా గిన్నె దాటాను. రోడ్డు దాటాను. కిరాణా కొట్టు దాటాను. ఇంకా అద్దంలో ఏడుగురే ఉన్నారు. ఖాళీ జాగా కూడా దాటి పొలం గట్టు మీద ఆగాను. అప్పటికి పద్నాలుగు మంది పట్టారు, చివర మా పెదనాన్న సగం.

నాకూ వాళ్ళకూ మధ్య ఇప్పుడు ఒక రోడ్డు ఉంది. ఎరువు బస్తాల ట్రాక్టర్ పోయింది. తర్వాత ఆటో. తర్వాత బర్రెలు, బర్రెలకు తొందరేమీ లేదు. 250లో అడ్డం వచ్చిన బర్రె అంటే మామూలు బర్రె కాదు, ఫోటో నిండా నల్లటి వీపు, దాని మీద ఒక కొంగ. అవతల చుట్టాలు ఎండలో కళ్ళు చికిలించుకుని నా దిక్కే చూస్తున్నారు. ఒక్కడి ముఖంలో నవ్వు లేదు. పద్నాలుగు మందీ జమానతు పెట్టడానికి వచ్చినట్టున్నారు.

“నవ్వుండ్రి!” అని అరిచాను. డీజే బాక్సుల మోతలో ఆ మాట రోడ్డు కూడా దాటలేదు. కిరాణా కొట్టాయన చెయ్యి చెవి దగ్గర పెట్టి ఏందన్నాడు. నవ్వమని చెప్పమన్నాను. ఆయన చెప్పుల దగ్గరున్న మా మేనల్లుడికి చెప్పాడు. వాడు ఐదో తరగతి, మంచి బాధ్యత కలిగినవాడు, పరుగెత్తుకుంటూ పోయి టెంటు కింద గొంతు చించుకుని చెప్పాడు:

“మామ నడవమంటుండు!”

నడిచారు. పద్నాలుగు మంది, పట్టుచీరలతో, పంచెలతో, మధ్యలో పూలజడతో పిల్ల, వరుస చెడకుండా నా దిక్కు నడుచుకుంటూ బయల్దేరారు. మా పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పి, ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. ఈ కాలం ఫోటోగ్రాఫర్లు నడిపిస్తూ కూడా తీస్తారు కదా, అదేదో అనుకున్నారట. డ్రోన్ కోసం పైకి చూసినవాళ్ళు కూడా ఉన్నారు. నేను ఆగండి ఆగండి అని అరచెయ్యి ఊపాను. ఆ దూరం నుంచి అది రండి రండి అన్నట్టు కనబడిందని తర్వాత తెలిసింది. వాళ్ళు పదడుగులు ముందుకు వేస్తే నేను పదడుగులు వెనక్కి వేయాలి, లేకపోతే పెదనాన్న మొత్తానికే పోతాడు. కన్ను కెమెరాకే ఉంది. క్లిక్, క్లిక్, క్లిక్ అని మూడు పడ్డాయి. నాలుగోది పడలేదు, నేను పడ్డాను.

గట్టు వెనక దమ్ము చేసి నీళ్ళు నిలబెట్టిన మడి. ఎడమ కాలు మోకాలి దాకా దిగింది. దాన్ని లాగడానికి కుడి కాలు మీద బరువు వేస్తే అది ఇంకా లోతుకు దిగింది. కెమెరా మాత్రం నెత్తిమీదికి ఎత్తి పట్టుకున్నాను, బోనమెత్తినట్టు. మడికి అవతలి వైపు నాట్లేస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. ఒకామె నింపాదిగా అడిగింది:

“ఏమన్నా, నాటేస్తందుకొచ్చినవా? కైకిలి ఐదొందలు, పైసలు రేపు ఇస్తరు మరి.”

ఇంకొకామె మమ్మల్ని కూడా ఒకటి తియ్యమంది. తీశాను. ఇరవై అడుగుల దూరంలో ఉన్నారు కాబట్టి ఒక ముఖం, ఇంకో ముఖంలో పావు వంతు, ఒక నారుకట్ట వచ్చాయి. నా కుడి చెప్పు ఆ మడిలోనే ఉంది, వరితో పాటు కోతకు వస్తుందేమో. మడిగలాయన ఎవరో గట్టు మీంచి ఏదో అన్నాడు, అది ఇక్కడ రాసేది కాదు.

బురద కాళ్ళతో టెంటుకు వచ్చేసరికి అసలు ఫోటోగ్రాఫర్ దిగాడు. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. లెన్సు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఒక్కసారి ఊపాడు. లోపల గలగలమంది. “రోలర్ పోయిందన్నా” అని తిరిగిచ్చి పనిలో పడ్డాడు. పది సెకన్లు, పైసా తీసుకోలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, శనివారం సెలవు పెట్టుకుని హైదరాబాద్‌లో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోయాను. టోకెన్ తీసుకున్నాను. గంట కూర్చున్నాను. అద్దం వెనక అమ్మాయి బిల్లు అడిగింది, బాక్సు అడిగింది, సీరియల్ నంబరు అడిగింది, నీళ్ళలో పడ్డదా అని అడిగింది. నేను పడ్డాను, అది పడలేదు అన్నాను. ఆమె నవ్వలేదు, ‘నో లిక్విడ్’ అని కొట్టింది. చూసినందుకే ఐదు వందలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, 590 రూపాయలు ముందే కట్టాలి. కట్టాను. సాయంత్రం ఎస్టిమేట్ వచ్చింది: బ్యారెల్ యూనిట్ మొత్తం మార్చాలి, 6,800, ప్లస్ జీఎస్టీ, అంతా కలిపి 8,024.

“రోలర్ ఒక్కటి పోయిందట కదమ్మా, అదొక్కటే వేయరాదా?”

“సెపరేట్‌గా రాదు సార్.”

“లోపల విడిగానే ఉంటుంది కదా?”

“సిస్టమ్‌లో రాదు సార్.”

తలుపు బందు పోతే ఇల్లు మార్చమన్నట్టుంది ఇది. సెకండ్‌హ్యాండ్‌లో అదే లెన్సు 6,500కు దొరుకుతోంది, నేను ఫోన్‌లో చూపించాను కూడా. ఆమె చూసి “మీ ఇష్టం సార్” అంది. ఆ ‘మీ ఇష్టం’ అనే మాటకు కూడా జీఎస్టీ పడుతుందేమో అని భయమేసి లేచి వచ్చాను.

కోఠిలో ఒక మెట్ల కింద కొట్టు. మెకానిక్ పెద్దాయన, కళ్ళద్దాల మీద ఇంకో అద్దం. వెనక నాలుగు స్క్రూలు, ఒక రబ్బరు పట్టీ, ఒక రిబ్బన్ తీసి లోపలి గొట్టం బయటికి లాగాడు. చిమటాతో ఒకదాన్ని పట్టి నా అరచేతిలో పెట్టాడు. తెల్లటి ప్లాస్టిక్ చుట్ట, జొన్నగింజ కంటే చిన్నది, మధ్యలో స్క్రూ బెజ్జం, ఒక పక్క పగిలి ఉంది. ఇవి గొట్టం చుట్టూ మూడు ఉంటాయట, రింగు తిప్పినప్పుడు ఇవి గాడిలో జారితేనే లెన్సు ముందుకీ వెనక్కీ పోతుంది. ఒకటి పగిలితే గొట్టం వంకర తిరిగి పట్టేస్తుంది. నన్ను మడిలో దించింది ఇదే. చేతిలో ఉన్నట్టు కూడా తెలియడం లేదు.

“తుక్కు లెన్సులకెల్లి తీసి వేస్త. పన్నెండు వందలు. గ్యారంటీ అడగొద్దు” అన్నాడు.

ఇక్కడే నా బుర్ర ఆగింది. 1,200 పెట్టి రేపు ఇంకో రోలర్ పోతే? 6,500 పెట్టి కొన్నదాన్ని కూడా ఎవడైనా బస్టాండులో పడేసి ఉంటే? బామ్మర్దేమో పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. “ఈ రోజుల్ల రిపేరేంది బావా, డీఎస్‌ఎల్‌ఆర్ పనైపోయింది, అన్నీ అమ్మేసి మిర్రర్‌లెస్ తీస్కో” అంటాడు. డీఎస్‌ఎల్‌ఆర్ అంటే నా దగ్గరున్న, లోపల అద్దం ఉండే కెమెరా, మిర్రర్‌లెస్ అంటే ఆ అద్దం లేని కొత్త రకం. అన్నీ అమ్మాలంటే నా 18–55 నాకు ఇవ్వాలి కదరా అంటే లైను కట్ అయింది. సిగ్నల్ అట.

చివరికి లెన్సు పెద్దాయన దగ్గరే పెట్టి వచ్చాను. నిర్ణయం తీసుకుని కాదు, సగం విప్పిన లెన్సును బస్సులో ఎలా తేవాలో తెలియక.

నిన్న రాత్రి ఆయన ఫోన్ చేశాడు. రోలర్ వేశాడట, జూమ్ మంచిగా తిరుగుతోందట, కానీ లోపలి ఫ్లెక్స్ కేబుల్, అంటే పట్టీలాంటి వైరు, నలిగి ఉంది, ఎప్పుడైనా తెగొచ్చు, ఎట్లాగూ విప్పాను కాబట్టి మార్చమంటారా, ఇంకో ఎనిమిది వందలు, ఇప్పుడే చెప్పాలి అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఇంకో కాల్ వచ్చింది, అక్క. గ్రూప్ ఫోటో ఫ్రేమ్ కట్టించడానికి ఇచ్చారట, అది చూసి బావ అడగమన్నాడట:

“తమ్మీ, అందరం ఒక్క కాలు ఎందుకు లేపినం రా?”