తుఫాను కంటే ముందు తలుపు తట్టేదెవరు?

విపత్తు అనగానే మనకు గుర్తొచ్చేవి హెలికాప్టర్ నుంచి జారవిడిచే ఆహార పొట్లాలు, పడవల్లో తిరిగే సహాయక బృందాలు. విరాళాలు కూడా ఆ దృశ్యాలు టీవీలో కనిపించినన్నాళ్లే వస్తాయి. కానీ ప్రాణాలు నిలబెట్టే పని చాలావరకు అంతకు ముందే, ఏ కెమెరా లేనప్పుడే జరిగిపోవాలి. అది చేసేది కూడా ఎక్కువగా ఆ ఊరివాళ్లే.

1970 నవంబర్‌లో ఇప్పటి బంగ్లాదేశ్ తీరాన్ని భోలా తుఫాను ముంచేసింది. 3 లక్షల నుంచి 5 లక్షల మంది పోయారని అంచనా, కచ్చితమైన లెక్క ఇప్పటికీ లేదు. తుఫాను వస్తోందని ఎవరూ చెప్పలేదా అంటే, రేడియోలో చెప్పారు. విన్నవాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు? చుట్టూ పల్లపు నేల, ఎక్కడానికి పక్కా మేడ లేదు, రమ్మని పిలిచే మనిషి లేడు.

రెండేళ్ల తర్వాత, 1972లో, అక్కడి ప్రభుత్వం రెడ్ క్రాస్‌తో (ఇప్పుడు దాని పేరు రెడ్ క్రెసెంట్) కలిసి తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టింది. వాలంటీర్లంతా ఊరివాళ్లే. ప్రమాదం పెరిగేకొద్దీ ఒక జెండా, తర్వాత రెండు, మూడు ఎగరేస్తారు, మెగాఫోన్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. నడవలేని ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో, నిండు చూలాలు ఎవరో వాళ్లు ఎవరినీ అడిగి రాసుకోనక్కర్లేదు.

అంతటితో అంతా బాగుపడిందనుకుంటే పొరపాటే. 1991 తుఫానులో మళ్లీ లక్షా 38 వేల మందికి పైగా చనిపోయారు, మగవాళ్ల కంటే ఆడవాళ్లు చాలా ఎక్కువ. భర్త వచ్చేదాకా గడప దాటలేక కొందరు, తుఫాను షెల్టర్‌లో పరాయి మగవాళ్లతో ఒకే గదిలో రాత్రంతా ఎలా ఉండాలని కొందరు ఆగిపోయారు. హెచ్చరిక అందరికీ ఒకటే అయినా, దాన్ని విని లేచి బయల్దేరే స్వేచ్ఛ అందరికీ ఒకేలా లేదు. ఆ తర్వాత షెల్టర్లు పెరిగాయి, ఆడవాళ్లకు వేరే గదులొచ్చాయి, ఇప్పుడు సుమారు 76 వేల మంది వాలంటీర్లలో సగం మంది మహిళలు. పశువుల కోసం మట్టి దిబ్బలు కూడా వేశారు, ఎందుకంటే ఆవును వదిలి రానని మొండికేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దూరం నుంచి చూసేవాళ్లకు అది మూర్ఖత్వంలా కనిపించొచ్చు గానీ, ఆ ఆవు పోతే ఆ ఇల్లు గడవదు. 2007లో సిడర్ తుఫాను వచ్చినప్పుడు మృతులు దాదాపు 3,400. 2020లో అంఫాన్‌కు 20 లక్షల మందికి పైగా తరలించారు, ప్రాణనష్టం పదుల సంఖ్యకు పరిమితమైంది. కరకట్టలు, రోడ్లు, మొబైల్ ఫోన్ల పాత్ర కూడా ఉంది, అన్ని తుఫాన్లూ ఒకే బలంతో రావు కూడా. అయినా ఇంత తేడాను ఒక్క అదృష్టం ఖాతాలో వేసేయలేం.

గాలి ఆగాక ఇంకో గండం ఉంది: నీళ్లు. శరణార్థి శిబిరాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలని, సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాలు చెబుతాయి. అంకెలు బాగానే ఉన్నాయి, కానీ ఆ మరుగుదొడ్డికి గడియ లేకపోతే, దారిలో లైటు లేకపోతే, రాత్రి వెళ్లాల్సి వస్తుందన్న భయంతో ఆడవాళ్లు మంచినీళ్లు తాగడమే తగ్గించేస్తారు. గడియ పెట్టించడానికి డాక్టర్ అక్కర్లేదు, కానీ అది కూడా వైద్యమే.

1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను కుళాయి ఉన్న డ్రముల్లో పెట్టించి, రోగుల బంధువుల చేతే తాగించారు. అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు పడిపోయాయి. నర్సు చేయాల్సిన పని తల్లి చేతికిచ్చారు, ఆమె చేసి చూపించింది.

దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ హైతీది. 2010 జనవరి భూకంపం తర్వాత, అదే ఏడాది అక్టోబర్‌లో అక్కడ కలరా మొదలైంది. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల శిబిరం నుంచి మురుగు నదిలో కలవడమే కారణమని పరిశోధనలు తేల్చాయి, దాదాపు 10 వేల మంది చనిపోయారు. తమ పాత్ర ఉందని ఒప్పుకుని క్షమాపణ చెప్పడానికి ఆ సంస్థకు 2016 దాకా పట్టింది. సాయం చేయడానికి వచ్చినవాళ్లను లెక్క అడిగే హక్కు సాయం అందుకునేవాళ్లకు లేకపోతే ఇలాగే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. 2020 జులైలో బంగ్లాదేశ్‌లోని జమునా నదికి వరద రాబోతోందని అంచనా రాగానే, నీళ్లు గరిష్ఠానికి చేరకముందే ఐక్యరాజ్యసమితి అత్యవసర నిధి 52 లక్షల డాలర్లు విడుదల చేసింది. మంచి పనే, కానీ ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇలా ముందే ఇచ్చేది ఇప్పటికీ చాలా తక్కువ. వరద రాకపోతే డబ్బు దండగైందంటారేమోనని ఇచ్చేవాళ్ల టెన్షన్. మూడు జెండాలు ఎగరేసిన రోజున తుఫాను దారి మళ్లితే జనం షెల్టర్‌లో ఒక రాత్రి గడిపి, వాలంటీర్‌ను తిట్టుకుంటూ ఇంటికి పోతారు. వచ్చే ఏడాది మళ్లీ అదే తలుపు కొట్టాల్సింది కూడా ఆ మనిషే, కొడతాడు కూడా. నిధులిచ్చేవాళ్లకు మాత్రం ఆపాటి తిట్లు పడే ఓపిక ఇంకా రాలేదు.