మహారాజశ్రీ 0.05 గారికి

అయ్యా,

మధ్యాహ్నమంతా గైడ్ గారి గది బయట బెంచీ మీద కూర్చున్నాక, సాయంత్రం లోపలికి పిలిచి నా కాగితాల్లో ఒక్క అంకె చుట్టూ ఎర్రగా గీసి వెనక్కిచ్చారు. పి-విలువ (p-value) 0.06. తమరి లోపు వస్తేనే తేడాకు విలువ; నాది తమరికంటే వీసమెత్తు ఎక్కువ, అంతే.

నేనడిగింది చిన్న ప్రశ్నే సామీ. మన అనంతపురం ఎర్రనేలల్లో బుడ్డలకు, అదే వేరుశనగకు, జిప్సం అంతా పూత దశలోనే వేయాలా, లేక సగం విత్తేటప్పుడు, సగం ఊడలు దిగేటప్పుడు వేస్తే కాయ ఇంకా బాగా నిండుతుందా? విత్తనం భూమిలో పడకముందే రాసిపెట్టుకున్న ఊహ అది. కాయలు తూకం వేస్తే తేడా కనిపించింది. రెండు పద్ధతులూ ఒకటే అయినా, కేవలం యాదృచ్ఛికంగా ఇంత తేడా, లేదా ఇంకా ఎక్కువ, కనిపించే అవకాశం నూటికి ఆరు. ఐదైతే పేపరు, ఆరైతే చెత్తబుట్ట! ఇంకొన్ని మడులుంటే ఎటో అటు తేలేదేమో, ఇచ్చిన భూమే అంత.

1925లో గణాంకవేత్త ఫిషర్ గారు వీలుగా ఉంటుందని తమరిని గీతగా పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఆయనే, సరిగ్గా వేసిన ప్రయోగం మళ్లీ మళ్లీ చేసినా అరుదుగా తప్ప ఫలితం ఆ గీత లోపలే రావాలి, అప్పుడే నమ్మాలన్నారు. గీత మిగిలింది, మళ్లీ చేయడం పోయింది. గీత లోపల పడిందా లేదా అన్నదొక్కటే చూసి తీర్పు చెప్పొద్దని 2016లో అమెరికా గణాంకవేత్తల సంఘం ప్రకటన ఇచ్చింది, మా కారిడార్ దాకా ఇంకా చేరలేదు.

అవన్నీ పోనీ. నన్ను తినేస్తున్నది గైడ్ గారి సలహా. "మొక్క ఎత్తు, కొమ్మలు, ఆకుల రంగు, నూనె శాతం, అన్నీ పెట్టి చూడు నాయనా, ఏదో ఒకటి తగుల్తుంది. తగిలినదే మొదట్నుంచీ మన హైపోథిసిస్ అని రాసెయ్." వాన కురిశాక పంచాంగం రాసినట్టు! అసలు ఏమీ లేకపోయినా ఇరవై పరీక్షలు చేస్తే సగటున ఒకటి నీ గీత లోపల పడుతుందని నీ లెక్కే చెప్తుంది కదయ్యా, నీకు సిగ్గుగా లేదూ?

తగిలింది. మొక్క ఎత్తు, 0.03. సాఫ్ట్‌వేర్ దాని పక్కన గెలిచిందన్నట్టు చుక్క (*) కూడా పెట్టింది. మార్కెట్ యార్డులో మొక్క ఎత్తు కొలిచి రేటు కడతారా? పశువులకు మేత ఎక్కువ వస్తుందని రాయమన్నారు!

రాయను. వచ్చే ఖరీఫ్‌లో మా నాన్న చేన్లో అదే ప్రశ్న, అదే జిప్సం, ఎక్కువ మడులతో వేస్తా. 0.04 రానీ, 0.4 రానీ, వచ్చిందే రాస్తా. నీ అనుమతి అడగను.

ఇట్లు,
నీ గడప బయట ఒక స్కాలర్