గోడ కట్టే మేస్త్రీలే గురి

కళ్లె పరీక్షకు పాత పద్ధతిలో స్లైడు మీద కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్రరంగు పోసి, వేడిచేసి, ఆమ్లంతో కడుగుతారు. మిగతా కణాలన్నీ ఆ రంగు వదిలేసి మిథిలీన్ బ్లూతో నీలంగా మారితే, టీబీ క్రిములు మాత్రం సన్నని ఎర్రపుల్లల్లా మిగిలిపోతాయి. ఆ మొండితనం వాటి కణకవచానిది. పైన మైకోలిక్ ఆమ్లాలనే పొడవాటి కొవ్వు గొలుసులు, వాటి కింద అరబినోగెలాక్టాన్ అనే చక్కెర వల, అడుగున పెప్టిడోగ్లైకాన్ అనే గట్టి పొర కలిసి కట్టిన ఈ మైనపు గోడను దాటలేకే చాలా యాంటీబయాటిక్‌లు బయటే ఆగిపోతాయి.

ఇలాంటి గోడ మనిషి కణాలకు ఉండదు కనుక దాన్ని కట్టే మేస్త్రీల్లాంటి ప్రొటీన్లను కొట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. 1952 నుంచి వాడుకలో ఉన్న ఐసోనియాజిడ్ అనే టీబీ మందు మైకోలిక్ ఆమ్లాలను తయారుచేసే ఇన్‌హెచ్‌ఏ ఎంజైమును ఆపుతుంది. ఇథాంబ్యుటాల్ చక్కెర వలను అల్లే ప్రొటీన్లను అడ్డుకుంటుంది. అయితే ఐసోనియాజిడ్‌కు పదును పెట్టేది క్రిమిలోనే ఉన్న క్యాట్‌జీ అనే వేరే ఎంజైము. దాని జన్యువు దెబ్బతింటే చాలు, మేస్త్రీని ముట్టుకోకుండానే మందు చెల్లనికాసవుతుంది. ఐసోనియాజిడ్ నిరోధకతలో ఎక్కువ భాగం ఇలా వచ్చినదే.

అందువల్లే 2009లో బెంజోథయాజినోన్లు అనే కొత్తరకం టీబీ మందుల గురిగా వెలుగులోకి వచ్చిన డీపీఆర్‌ఈ1 ఎంజైము మీద నాకు ఎక్కువ ఆశ. చక్కెర వలకు కావలసిన ముడిసరుకు తయారీలో భాగం పంచుకునే ఈ ఎంజైము కణత్వచానికి వెలుపలి వైపున ఉంటుంది కాబట్టి మందు లోపలిదాకా చొరబడనక్కర్లేదు. అంతకన్నా ముఖ్యం, ఆ మందుకు పదును పెట్టేదీ ఇదే, దెబ్బ తినేదీ ఇదే. ఈ ఎంజైములో 387వ స్థానంలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని మార్చుకొని క్రిమి తప్పించుకోగలదన్నది నిజమే కానీ, ఎంజైమునే వదిలేసి బతకలేదు. ఈ కోవలోని కొన్ని మందులు ఇప్పుడు మనుషులపై ప్రయోగాల దశలో ఉన్నాయి.

మందు వచ్చినా పరీక్ష వెనకబడితే ఫలితం ఉండదు. బేతంచెర్లలోనో తాడిపత్రిలోనో బండల పాలిష్ యూనిట్లో పనిచేసే మనిషినే తీసుకుందాం (రాతి ధూళితో సిలికోసిస్ వచ్చినవారికి టీబీ ముప్పు ఎక్కువ). దగ్గుతో కర్నూలుకో అనంతపురానికో వచ్చిన అతనికి మామూలుగా చేసే సీబీనాట్ అనే జన్యుపరీక్ష రిఫాంపిసిన్ అనే మరో ముఖ్యమైన టీబీ మందు పనిచేస్తుందా లేదా అన్నదే చెబుతుంది. ఐసోనియాజిడ్ సంగతి తేలాలంటే నమూనా ఎల్‌పీఏ అనే మరో జన్యుపరీక్షకు వెళ్లాలి. అది వెళ్లకపోతే, రెండు నెలల మాత్రలు అయిపోయాక స్లైడు మీద మళ్లీ ఎర్రపుల్లలు కనిపించేదాకా ఎవరికీ అనుమానం రాదు.