మంత్రి ఫోను చేస్తే కంపెనీ బాగుపడుతుందా?

ఈ వారంలో అదే సందేశం రావడం ఇది నాలుగోసారి. పంపిన నలుగురూ లెక్కలు తెలిసినవాళ్లే, బాధంతా అదే. "ప్రభుత్వ కంపెనీల రోగానికి మందు" అని దానికి శీర్షిక. అందులోని అంశాలు ఒక్కొక్కటే చూద్దాం.

"ప్రభుత్వానికి వ్యాపారం చేతకాదు." సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో సగానికి పైగా వాటా అక్కడి ప్రభుత్వ పెట్టుబడి సంస్థదే, అది చూసి మాట్లాడండి. "ఉద్యోగులు సోమరులు." ఇది వాదన కాదు, తిట్టు.

అసలు విషం మూడో అంశంలో ఉంది: "యజమాని ప్రభుత్వమే కనుక డైరెక్టర్ల బోర్డులు దండగ. మంత్రే నేరుగా ఆదేశిస్తే పనులు చకచకా జరుగుతాయి." జరుగుతాయి, సందేహమే లేదు. బ్రెజిల్ చమురు సంస్థ పెట్రోబ్రాస్‌లో అలాగే జరిగాయి. అప్పట్లో ఆర్థిక మంత్రే బోర్డు అధ్యక్షుడు. ధరల మంట పైకి కనబడకూడదని దిగుమతి పెట్రోలును కొన్న రేటుకన్నా తక్కువకు అమ్మించారు. ఆ రాయితీ బడ్జెట్‌లో కనబడదు, కంపెనీ పద్దుల్లో నష్టమై తేలుతుంది. అప్పుడు ఈ సందేశం రాసిన మహానుభావుడే వచ్చి "చూశారా, ప్రభుత్వానికి చేతకాదు" అంటాడు! 2014లో అక్కడే ముడుపుల కుంభకోణం కూడా బయటపడింది. చివరికి 2016లో చట్టం చేసి మంత్రులను, పార్టీ నాయకులను ప్రభుత్వ కంపెనీల బోర్డుల్లోకి రానీయకుండా తలుపు వేశారు. మన మందు ఆ తలుపు తీయమంటోంది.

తక్కువ ధరకు అమ్మించడమే తప్పని నేను అనడం లేదు. కాగితం మీద చెప్పి, డబ్బు కట్టి అమ్మించాలి. ప్రభుత్వ కంపెనీల మీద న్యూజిలాండ్ 1986లో చేసిన చట్టం 7వ సెక్షన్‌లో ఉన్నది ఇదే: గిట్టుబాటు కాని పని చేయించుకోవాలంటే ప్రభుత్వం సంస్థతో ఒప్పందం చేసుకుని ఖర్చు భరించాలి. నార్వే ప్రభుత్వానికి అక్కడి చమురు కంపెనీ ఈక్వినార్‌లో 67 శాతం వాటా ఉంది. అయినా మంత్రిగారి మాట వాటాదారుల సమావేశంలోనే చెల్లుతుంది, బోర్డులో ఆయనకు కుర్చీ లేదు. అందుకని చమురు బావులేమీ ఎండిపోలేదు.

నాలుగో అంశం, కంపెనీతోనూ ప్రభుత్వంతోనూ సంబంధం లేని బోర్డు సభ్యుల గురించి: "స్వతంత్ర డైరెక్టర్లు అలంకారం." ఒప్పుకోవడానికి నోరు రావడం లేదు గానీ, ఇది చాలావరకు నిజం. తగినంతమంది స్వతంత్ర డైరెక్టర్లు లేరని భారతదేశంలో స్టాక్ ఎక్స్ఛేంజీలు ప్రభుత్వ చమురు కంపెనీలకు జరిమానా వేశాయి. నియామకం మా చేతుల్లో లేదు, మంత్రిత్వ శాఖ చేతుల్లో ఉంది అని ఆ కంపెనీలు జవాబిచ్చాయి. ఖాళీలు ఉంచేది ఒకరు, జరిమానా కట్టేది మరొకరు. బోర్డును చేతులు కట్టి కూర్చోబెట్టి, ఏ పనీ చేయడం లేదని తిట్టడం ఏ న్యాయమో!

చివరి అంశం: "పదిమందికి పంపండి." పంపలేదు. నాకు పంపిన నలుగురికీ ఆ 7వ సెక్షన్ పంపాను. ఒకరు బొటనవేలి బొమ్మ పెట్టారు. మరొకరు తిరిగి అదే సందేశం పంపారు.